రాడ్డు తెగింది, రోడ్డు తెగలేదు

ఉప్పల్ నుంచి నారపల్లి దాకా రోజూ నరకం చూస్తున్న జనానికి శుభవార్త. ట్రాఫిక్ సమస్యకు పరిష్కారం దొరికింది. ఢిల్లీలో దొరకలేదు, సచివాలయంలో దొరకలేదు. బోడుప్పల్ కుర్రాడి కారులో దొరికింది. ఆయన తన గేరు రాడ్డును రెండంగుళాలు కోయించాడు. ఒకటో గేరు నుంచి రెండో గేరుకు పోవడానికి ఇదివరకు పట్టే రెప్పపాటులో ఇప్పుడు కొంత మిగులు. వరంగల్ హైవే మీద బండ్ల బారు మాత్రం కదల్లేదు. అది ఆయన తప్పు కాదు. తన వంతు తాను చేశాడు. మిగతావాళ్లు కూడా తలా రెండంగుళాలు కోయించుకుంటే ఏమైనా కదులుతుందేమో చూడాలి.

ఆయన పేరు అడక్కండి. ఒక్కడైతే చెప్పొచ్చు. మేడిపల్లిలో ఉన్నాడు, పీర్జాదిగూడలో ఉన్నాడు, నాచారంలో ఉన్నాడు, మీ ఇంట్లోనే ఉండొచ్చు. ఆయన కారు స్పోర్ట్స్ కారు. స్పోర్ట్స్ కారంటే రెండే తలుపులతో, నేలను రాసుకుంటూ పోయే విదేశీ బండి అని మీరు అనుకుంటే అది బంజారాహిల్స్ లెక్క. హైదరాబాద్ తూర్పున మా లెక్క వేరు. సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్, బానెట్ మీద రెండు తెల్ల చారలు, డిక్కీ మీద ఒక రెక్క, గొంతు మార్చిన సైలెన్సర్, నెలనెలా ఈఎంఐ. ఈ అయిదూ ఉంటే స్పోర్ట్స్ కారే. ఆరోది ఇప్పుడొచ్చింది, పొట్టి రాడ్డు. దాని తల మీద ఫ్యాక్టరీ గుండు తీసేసి, లోపల తేలు బొమ్మ ఉన్న గాజు గుండు బిగిస్తే అలంకారం పూర్తి.

శాస్త్రం చెప్పకుండా వెక్కిరించడం పాపం కాబట్టి ముందు శాస్త్రం. గేరు రాడ్డు ఉత్త ఇనుప కడ్డీ కాదు, అదొక తులాదండం. మధ్యలో ఎక్కడో ఒక కీలు ఉంటుంది. కీలుకు పైనున్నది మన చేతిలో, కిందనున్నది గేరుబాక్సు చేతిలో. కీలు నుంచి గుండు దాకా 10 అంగుళాలు ఉందనుకోండి. రెండు కోస్తే 8 మిగిలింది. గుండు ఇదివరకు 4 అంగుళాలు జరిగితే పడే గేరు ఇప్పుడు 3.2 అంగుళాలకే పడుతుంది. ప్రయాణంలో అయిదో వంతు ఆదా. కుర్రాడి సంబరం ఇక్కడిదే.

అయితే ఆర్కిమెడీస్ ఎవరికీ ఊరికే ఏమీ ఇవ్వలేదు. జరుగుదల తగ్గినంత మేరా నెట్టే బలం పెరిగి తీరాలి. ఇదివరకు నాలుగు పాళ్ల బలం చాలిన చోట ఇప్పుడు అయిదు పాళ్లు పెట్టాలి. ఆ అదనపు బరువు చేతిది. హడావుడి పోయి పడేది గేరుబాక్సు లోపలున్న సింక్రోనైజర్ రింగుల మీద. రెండు వేర్వేరు వేగాలతో తిరుగుతున్న చక్రాలను కలిపే ముందు ఆ రింగులు రాపిడితో రెండింటి వేగాన్నీ సమం చేస్తాయి. అందుకు వాటికి క్షణంలో కొంత వ్యవధి కావాలి. కంపెనీ ఇంజనీర్లు రాడ్డు పొడవు నిర్ణయించేటప్పుడు చేతి సుఖాన్నీ ఈ వ్యవధినీ కలిపి లెక్క కట్టారు. మన కుర్రాడు ఆ లెక్కను కోసిపారేశాడు. వ్యవధి ఇవ్వకుండా బలంతో బాదితే రింగులు అరుగుతాయి. అరిగిన రింగు ప్రతి గేరుకూ కర్రుమని ఏడుస్తుంది. ఆ ఏడుపును కూడా కొంతమంది స్పోర్ట్స్ సౌండ్ అంటారు.

రేసు కార్లలో వాడే అసలు సిసలు షార్ట్ షిఫ్టర్ వేరు. అందులో చాలావరకు రాడ్డు నెత్తి కోయరు. కీలు ఉన్న చోటు మారుస్తారు, లేదా కీలుకు కిందనున్న భాగాన్ని పొడిగిస్తారు. మన రోడ్ల మీద తిరిగే, ముందు చక్రాల బలంతో నడిచే కార్లలో చాలావాటికి రాడ్డు నుంచి గేరుబాక్సుకు కేబుళ్లు పోతాయి కాబట్టి గేరుబాక్సు మీదుండే చిన్న లివర్‌ను మార్చే కిట్లు కూడా ఉన్నాయి. వాటికి కొలతలు కావాలి, తెలిసిన చెయ్యి కావాలి, డబ్బు కావాలి. బోడుప్పల్ పద్ధతికి ఆక్సా బ్లేడు చాలు.

ఆ శస్త్రచికిత్స జరిగే చోటు ఉప్పల్ పారిశ్రామికవాడ పక్క సందులోని లేత్ షాపు. కుర్రాడు ముందే కన్సోల్ ఊడదీసి రాడ్డును బయటికి తెచ్చుకున్నాడు.

“ఎంత కొయ్యాలె తమ్మీ?”

“రెండించులు కొయ్యన్నా.”

“చూస్కో మల్ల. కోసినంక అతుకుమంటే అతుకది.”

“అతుకుడు ముచ్చటే లేదన్నా.”

టర్నర్ ఆ రాడ్డును ఒకసారి అటూ ఇటూ తిప్పి చూశాడు. గుడ్డ పేలిక చుట్టి వైస్‌లో బిగించాడు. సుద్దతో గీత గీశాడు. ఆక్సా బ్లేడు పెట్టి తొందర లేకుండా లాగాడు. ముప్పావు వంతు తెగాక ఒక చేత్తో తుంటను పట్టుకున్నాడు, కింద పడి కాలికి తగలకుండా. కోసిన అంచును ఆకురాయితో రాశాడు. గుండు బిగించే చూడీలు పాత కొసతోపాటే పోయాయి కదా, కొత్తవి కొట్టాలి. డై పెట్టి, రెండు నూనె చుక్కలు వేసి, అర తిప్పు ముందుకు, పావు తిప్పు వెనక్కి, మళ్లీ అర తిప్పు ముందుకు. రజను రాలింది. గుండు తిప్పి చూశాడు, నిటారుగా కూర్చుంది. అరగంట పడుతుందన్నాడు, అరగంటలో చేతిలో పెట్టాడు. మూడు వందలు తీసుకున్నాడు. ఈ అరగంటను గుర్తుపెట్టుకోండి. దానితో తర్వాత పని ఉంది.

ఇప్పుడు కారు రోడ్డెక్కింది. రోడ్డంటే జాతీయ రహదారి 163. హైదరాబాద్, వరంగల్ మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని భూపాలపట్నం దాకా పోతుంది. యాదగిరిగుట్ట భక్తులు, హనుమకొండ బస్సులు, చెంగిచర్ల ట్యాంకర్లు, ఘట్‌కేసర్ కాలేజీ బండ్లు, బోడుప్పల్ స్కూలు ఆటోలు, అన్నీ ఈ ఒక్క గొంతులోంచే దిగాలి. గొంతు ఇరుకైందని పైన ఇంకో రోడ్డు వేస్తామన్నారు. 2018 మే 5న కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన చేశారు. ఆరు వరుసలు, ఆరు కిలోమీటర్ల పైచిలుకు పొడవు, ఆరు వందల కోట్ల పైచిలుకు ఖర్చు. 2020 కల్లా బండ్లు పైనుంచి పోవాలి.

2020 పోయింది. కరోనా వచ్చి పోయింది. పనులు ఆగాయి, సాగాయి, మళ్లీ ఆగాయి. 2023 మార్చిలో ఎవరో ఓపిక నశించి ప్రధాని బొమ్మతో స్తంభాలకు పోస్టర్లు అంటించారు, అయిదేళ్లలో అయింది నలభై శాతమేనా అని. ఆ ఏడాది చివర రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2024లో కేంద్రంలో మారలేదు. మారినా మారకపోయినా స్తంభాలకు తేడా తెలియలేదు. రాష్ట్రాన్ని అడిగితే రోడ్డు కేంద్రానిదన్నారు, కేంద్రాన్ని అడిగితే స్థలం రాష్ట్రం ఇవ్వాలన్నారు. 2025లోనూ ఆ కారిడార్ మీద బండి ఎక్కలేదు. స్తంభాల నెత్తిన ఇనుప చువ్వలు ఆకాశానికి చేతులెత్తి ఉన్నాయి. స్తంభాల కింద దుమ్ము, గుంతలు, గుంతల్లో నీళ్లు, నీళ్లలో మన కుర్రాడి స్పోర్ట్స్ కారు.

ఈ రోడ్డు మీద గేర్ల జాతకం చెబుతాను వినండి. ఒకటో గేరు నిత్యజీవితం. రెండో గేరు పండగ. మూడో గేరు బోడుప్పల్ కమాన్ దగ్గర పుకారు. నాలుగో గేరు నారపల్లి దాటాక కనిపిస్తుందని పెద్దలు చెబుతారు. అయిదో గేరు కావాలంటే ఘట్‌కేసర్ పోయి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాలి. అక్కడ 2023లో గరిష్ఠ వేగాన్ని 120కి పెంచారు. అక్కడికి చేరాక అయిదో గేరులో పడేసి వదిలేయడమే తప్ప రాడ్డుతో పనే ఉండదు. రాడ్డు పొట్టిదైనా పొడుగుదైనా గాజు గుండులో తేలు ఒక్కటే హాయిగా నిద్రపోతుంది.

లెక్క తప్పుతుందేమోనని కుర్రాడికి అనుకూలంగానే వేద్దాం. ఒక్కో గేరు మార్పుకు సెకనులో పదో వంతు మిగిలిందనుకుందాం. బోడుప్పల్ నుంచి ఉప్పల్ దాకా వంద సార్లు మార్చాడనుకుందాం. మొత్తం ఆదా 10 సెకన్లు. ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే ఒక్క ఆటో ఆ పదినీ నమిలి మింగేస్తుంది. పైగా వంద సార్లు క్లచ్ తొక్కాడు, అందులో సగం హాఫ్ క్లచ్‌లోనే నిలబెట్టాడు. క్లచ్ ప్లేటు కాలిన వాసన లోపలికి వస్తుంటే ఏసీ పెంచాడు.

పక్క వరుసలో ఒక పల్లెవెలుగు బస్సు ఆగి ఉంది. ఆడవాళ్లకు టికెట్ లేని మహాలక్ష్మి పథకం వచ్చాక మెట్ల దాకా జనం. డ్రైవర్ పక్కన గేరు రాడ్డు మోకాలి పైదాకా లేచి, ఇంజన్ వణికినప్పుడల్లా తనూ వణుకుతూ నిలబడింది. ఆ రాడ్డును ఎవరూ ఎందుకు కోయలేదు? పొద్దుట్నుంచి రాత్రి దాకా వందల సార్లు ఆ గేర్లు మార్చే చేతికి తక్కువ బలంతో పని జరగాలని. పొడుగు రాడ్డు ఆ చేతికి జరిగే ఉపకారం. డ్రైవర్ అరచేతి అడుగుతో దాన్ని నెమ్మదిగా తోశాడు, రెండో గేరు పడింది, బస్సు నాలుగడుగులు ముందుకు జరిగింది. స్పోర్ట్స్ కారు ముందున్న సందులోకి బస్సు మూతి దూర్చింది. తెల్ల చారల బానెట్ బ్రేకు వేసుకుంది. ఆ సందు కోసం జరిగిన రేసులో గెలిచింది ఆర్టీసీ.

ఇంతకీ ఈ కారు పోయేది ఎక్కడికి? రేసు ట్రాక్‌కా? ఉప్పల్ మెట్రో స్టేషన్ పార్కింగ్‌కు. కుర్రాడి ఉద్యోగం రాయదుర్గంలో. కారును స్టేషన్ దగ్గర పెట్టి నాగోల్ నుంచి వచ్చే రైలెక్కుతాడు. ఐటీని తూర్పుకు కూడా పంచుతామని 2020లో గ్రిడ్ అని ఒక విధానం తెచ్చారు. విధానం తూర్పుకు వచ్చింది, కుర్రాడు మాత్రం ఇప్పటికీ పడమరకే పోతున్నాడు. ఉప్పల్ చౌరస్తాలో 2023 జూన్‌లో స్కైవాక్ తెరిచారు. దాని మీద కర్ర ఊతంగా నడిచే తాత, కింద పొట్టి రాడ్డు పట్టుకుని కూర్చున్న మనవడిని ప్రతి పొద్దూ దాటిపోతున్నాడు. కర్ర పొడవు మీద తాతకు ఇంతవరకు ఫిర్యాదు లేదు.

కుర్రాడికి గురువులున్నారు, ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చిన విద్య ఇది. ఆ గురువుల కథ కూడా పూర్తిగా చూస్తే బాగుండేది. 1970లో లె మాన్స్ గెలిచిన పోర్షే 917లో గేరు రాడ్డు గుండును బాల్సా కొయ్యతో చేశారు. బరువు గ్రాముల్లో తగ్గించడానికి. ఆ బండికి గ్రాము కూడా బరువే. మన బండికి డిక్కీలో నలభై వాట్ల స్పీకర్లు, సబ్ ఊఫర్ పెట్టె, వెనక సీటులో ముగ్గురు మిత్రులు, వాళ్ల చేతుల్లో బిర్యానీ పొట్లాలు.

1989లో ఫెరారీ ఫార్ములా వన్ కారులో గేర్లను స్టీరింగ్ వెనక రెక్కలకు మార్చేసింది. ఆ ఏడాది మొదటి రేసులోనే, బ్రెజిల్‌లో, నైజెల్ మాన్సెల్ దానితో గెలిచాడు. కొన్నేళ్లలో ఆ రేసుల్లోంచి చేతి గేరే పోయింది. పోకముందు 1991లో అదే బ్రెజిల్ రేసులో అయర్టన్ సెన్నాకు చివరి ల్యాపుల్లో గేర్లు ఒక్కొక్కటే మొరాయించాయి. మిగిలింది ఆరో గేరు. దానితోనే మూలలన్నీ తిప్పుకొచ్చి గెలిచాడు, గెలిచాక కారులోంచి లేవడానికి ఒంట్లో శక్తి లేదు. చేతి గేరు యుగంలో జనం కథలుగా చెప్పుకునే గెలుపుల్లో అదొకటి, ఆ గెలుపు చివర్లో గేరు మార్చే పనే లేదు. అక్కడ గెలిచింది రాడ్డు కొలతా, నడిపినవాడి గుండెనా అన్నది మన కుర్రాడే నిర్ణయించుకోవాలి.

అంత దూరం ఎందుకు, హైదరాబాద్‌కే రేసు వచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ జరిగింది. కరెంటు కార్లు. వాటిలో మార్చడానికి గేర్లే లేవు. గంటకు 300 కిలోమీటర్లు దాటగల బండ్లలో రాడ్డు ఊసే లేదు, గంటకు 8 కిలోమీటర్లు కదిలే బండికి రాడ్డు సంస్కరణ! ఆ రేసు కోసం సచివాలయం చుట్టూ రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు రోడ్డును అద్దంలా వేశారు. ఊరు వేయగలదు, చూశాం. తర్వాతి ఏడు రేసు రద్దయింది, ఆ తర్వాత రేసు డబ్బుల మీద కేసు వచ్చింది. అద్దంలాంటి రోడ్డు సచివాలయం ముందర ఉంది. గుంతల రోడ్డు మా ముందర ఉంది. ఏది ఎవరి ముందరుంటే వాళ్లకు అదే కనబడుతుంది.

చట్టం సంగతీ చూద్దాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో 182ఎ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని మార్పు యజమాని చేస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రాడ్డు పొడవు ఆర్సీలో రాయరు కాబట్టి రెండంగుళాల కోత మౌలిక మార్పా కాదా అని లాయర్లు వాదించుకోవచ్చు. సైలెన్సర్ మీద వాదనే లేదు. మార్పు చేసిన సైలెన్సర్లను పోలీసులు వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించిన ఫొటోలు పేపర్లో చూశాం. చూసి మా కాలనీవాళ్లు సంతోషించారు, నగరంలో పనిచేసే రోడ్డు రోలర్ ఒకటుందని తెలిసినందుకు. సైలెన్సర్లు అయిపోయాక దాన్ని ఒకసారి ఇటు పంపండి సార్.

పౌరుడు రెండంగుళాలు తగ్గిస్తే దానికి సెక్షన్ ఉంది. సర్కారు రెండేళ్లను ఏడేళ్లు దాటించి సాగదీస్తే దానికి సెక్షన్ లేదు, గడువు పొడిగింపు ఉంది. జాతీయ రహదారిని గుంతల బాటగా మార్చడం మౌలిక మార్పు కిందికి రాదా అని అడిగితే నవ్వుతారు. ఒక్కో గుంతకు 5,000 వేసుకుంటూ పోతే కారిడార్ ఖర్చు ఉప్పల్ డిపో దాటకముందే వసూలయ్యేది.

గేర్లు మార్చడంలో కుర్రాడికన్నా మా ఊరే ఘనాపాఠి. బోడుప్పల్ గ్రామ పంచాయతీగా బయల్దేరింది. మున్సిపాలిటీ అయింది. 2019లో కార్పొరేషన్ అయింది. 2025 చివర్లో జీహెచ్‌ఎంసీలో కలిసింది. పదేళ్లు తిరక్కుండానే నాలుగు గేర్లు. ప్రతిసారీ ఆఫీసు బోర్డు మారింది, రసీదు పుస్తకం మారింది, లెటర్‌హెడ్ మారింది. బండి మాత్రం ఉన్నచోటే ఉంది, ఎందుకంటే క్లచ్ మీంచి కాలు తీసినవాళ్లు లేరు.

అసలు తమాషా రివర్స్ దగ్గర. చాలా కార్లలో రివర్స్ గేరు పొరపాటున పడకుండా ఒక తాళం పెడతారు. కొన్నిట్లో గుండు కింద రింగును పైకి లాగితేనే రివర్స్ పడుతుంది. ఆ రింగు జారే చోటు కూడా కోసిన రెండంగుళాల్లోనే పోయింది. బ్లేడుకు ఆ సంగతి తెలియదు, వీడియో చెప్పలేదు. సాయంత్రం కుర్రాడు తన కాలనీ గల్లీలోకి తిరిగాడు. ఎదురుగా నీళ్ల ట్యాంకర్. ట్యాంకర్ వెనక్కి పోదు, నీళ్లతో ఉంది. కారు వెనక్కి పోదు, స్పోర్ట్స్‌తో ఉంది. పావుగంట హారన్లు మోగాక నలుగురు దిగి బానెట్ మీది తెల్ల చారల మీద చేతులు పెట్టి వెనక్కి నెట్టారు.

“ఏం బిడ్డా, బండి ఖరాబైందా?” మేడ మీంచి ఒక పెద్దమ్మ అడిగింది.

“ఖరాబ్ కాలే పెద్దమ్మా, స్పోర్ట్స్ చేసిన.”

“మంచిగ చేసినవ్. రేపు కూడ నెట్టాలెనా, ఇయ్యాల్నేనా?”

ఇక ఆ రేపటి ఖర్చు సంగతి. లేత్ షాపులో ఇచ్చింది మూడు వందలే. గేరుబాక్సు దింపితే మెకానిక్ కూలీలో వేలు మొదలవుతాయి, రింగులూ క్లచ్ ప్లేటూ దానికి అదనం. వారంటీ ఉన్న బండైతే సర్వీస్ సెంటర్లో ఆ పొట్టి రాడ్డు చూసి కాగితం మీద సున్నా చుట్టి ఇస్తారు. వాళ్లను అనడానికి లేదు. కంపెనీ పొడుగు రాడ్డు ఇచ్చింది, పొట్టిది తెచ్చింది మనం.

ఇంతసేపు వెక్కిరించాను కదా, ఇప్పుడు కుర్రాడి మాట కూడా వినాలి. అడిగితే ఆయన చెప్పేది ఇది. లైఫ్ ట్యాక్స్ కట్టిన, పెట్రోలు మీద పన్ను కట్టిన, ఇంటి పన్ను కట్టిన. రోడ్డు నా చేతుల లేదు. సిగ్నల్ నా చేతుల లేదు. ఫ్లైఓవర్ నా చేతుల లేదు. కారుల కూసున్నంక నా చేతుల ఉన్నదల్లా ఈ రాడ్డొక్కటే. దాన్నన్న నాకు నచ్చినట్టు చేసుకుంట.

ఈ మాటకు నా దగ్గర వెటకారం లేదు. ఆయన కోపం సరైందే, కోసిన చోటే తప్పు. ఏళ్ల తరబడి స్తంభాల కింద ఒకటో గేరులో కూర్చోబెట్టిన వాళ్ల మీద రావాల్సిన కోపం, చేతికి దొరికిన ఇనుప కడ్డీ మీద తీరింది. దొరకని వాళ్లకు అదెంత సుఖం! ప్రజలు తమ రాడ్డులు, తమ సైలెన్సర్లు, తమ హారన్లు మార్చుకుంటూ ఉంటే గడువులు మార్చుకునేవాళ్లను అడిగేవాడుండడు. హారన్ మార్చడానికి షాపులు ఉప్పల్ నిండా ఉన్నాయి. కాంట్రాక్టు గడువు ఎన్నిసార్లు మార్చారో రాసి స్తంభానికి వేలాడదీసిన బోర్డు ఒక్కటైనా మీకు కనబడిందా?

ఇప్పుడు ఆ అరగంట దగ్గరికి వద్దాం. ఈ మొత్తం కారిడార్‌లో చెప్పిన టైముకు పని పూర్తి చేసిన మనిషి ఒకే ఒక్కడు, ఆ లేత్ షాపు టర్నర్. పని మొదలుపెట్టకముందే నష్టం చెప్పాడు. కొలత గీసుకున్నాడు. అరగంటన్నాడు, అరగంటలో ఇచ్చాడు. చెప్పిన డబ్బే తీసుకున్నాడు, మధ్యలో అంచనాలు పెంచలేదు, శంకుస్థాపన చేయలేదు, రిబ్బన్ కట్టలేదు. తుంట ఎవరి కాలి మీదా పడకుండా చేత్తో పట్టుకున్నాడు కూడా. మన ఇంజనీర్లకు, మంత్రులకు ఆయన దగ్గర ఒక్క పూట శిక్షణ ఇప్పిస్తే బాగుంటుంది. కోసేది పనికిమాలిన పనే అయినా చేసిన తీరు దొరతనం. మన పాలకులది దీనికి సరిగ్గా తిరగేసిన వ్యవహారం. పని చాలా గొప్పది, చేసే తీరే పనికిమాలింది.

కాబట్టి బోడుప్పల్, మేడిపల్లి, పీర్జాదిగూడ, నాచారం తమ్ముళ్లారా, రాడ్డు జోలికి పోకండి. కంపెనీ పెట్టిన పొడవును అలా ఉండనివ్వండి, మీ గేరుబాక్సూ మీ మోచెయ్యీ నాలుగు కాలాలు బతుకుతాయి. ఇప్పటికే కోయించినవాళ్లు కొత్త రాడ్డు కొనండి, కనీసం రివర్స్ అయినా పడుతుంది. చేతులు ఇంకా దురద పెడితే ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఉప్పల్–నారపల్లి కారిడార్ మొదటి గడువు ఏది, ఎన్నిసార్లు పొడిగించారు, ఎవరి సంతకంతో పొడిగించారు, ఇంకా ఎన్ని స్తంభాల మీద పని మిగిలింది, కింద రోడ్డు బాగు చేయాల్సింది ఎవరు. ఈ అయిదు ప్రశ్నలు రాయండి. కింద మీ పేరు, చిరునామా రాసి, సమాచార హక్కు చట్టం 2005 కింద జాతీయ రహదారుల అధికారికి పంపండి. ఒక్కడు పంపితే ఫైలులో పడుతుంది. కాలనీకి వంద మంది పంపితే ఎవరో ఒకరు కూర్చుని జవాబు రాయక తప్పదు.

రాడ్డు కోతకు మూడు వందలు అయింది. ఈ దరఖాస్తుకు రుసుము 10 రూపాయలు. జవాబివ్వడానికి చట్టం పెట్టిన గడువు 30 రోజులు.